రిఫర్బిష్డ్ సరకు: తడిసిన గింజలు పైనుంటేనే బేరం

జూన్ నెల వచ్చిందంటే హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్టులోనూ, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనూ ఒక రకమైన కొనుగోలుదారులు ఎక్కువగా కనిపిస్తారు. ఇంటర్ పాసై డిగ్రీలోనో ఇంజనీరింగులోనో చేరిన పిల్లవాడు, పక్కన తండ్రి, ఒక్కోసారి తల్లి కూడా. వారు అడిగేది లాప్‌టాప్. జేబులో ఉన్నది కొత్త లాప్‌టాప్ ధరలో సగమో, మూడోవంతో. దుకాణదారుడు లోపలి అరలోంచి నల్లని యంత్రమొకటి తీసి, గుడ్డతో తుడిచి, "రిఫర్బిష్డ్ మాల్. కొత్తదానికి ఏమీ తీసిపోదు" అంటాడు.

ఆ మాటను ఎంతవరకు నమ్మాలి? పెద్దలు కొందరు "పాత సరకు కొనడమంటే ఇతరుల తలనొప్పిని డబ్బిచ్చి తెచ్చుకోవడమే" అంటారు. కుర్రకారు మాత్రం "సగం ధరకే వస్తుంటే కొత్తది కొనేవాడు తెలివితక్కువవాడు" అంటారు. మేము రెండు పక్షాలవారినీ చూశాము, వారు కొన్న సరకునూ చూశాము. మా దృష్టిలో అసలు ప్రశ్న యంత్రం పాతదా, కొత్తదా అన్నది కాదు. దానిలోని లోపం చెప్పి అమ్మారా, దాచి అమ్మారా అన్నది.

ముందు ఈ పేరు సంగతి చూద్దాము. వాడిన వస్తువును ఉన్నదున్నట్టు అమ్మితే అది సెకండ్ హ్యాండ్. దానిని విప్పి, పరీక్షించి, చెడిన భాగాలు మార్చి, శుభ్రం చేసి, మళ్ళీ పనికి వచ్చేలా తయారు చేసి అమ్మితే అది రిఫర్బిష్డ్. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన మన దేశపు ఈ-వ్యర్థాల నిబంధనలు ఈ పనిచేసే వారిని ప్రత్యేకంగా గుర్తించి, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదు చేసుకోవాలన్నాయి. కాని బజారులో గుడ్డతో తుడవడమే 'రిఫర్బిష్' అయిన సందర్భాలు కోకొల్లలు. ఎ గ్రేడు, బి గ్రేడు అని చీటీలు అంటిస్తారు. ఆ గ్రేడులకు అందరికీ వర్తించే కొలమానం ఏదీ లేదు. ఒక దుకాణంలోని ఎ గ్రేడు పక్క దుకాణంలో బి గ్రేడు కావచ్చు.

వాడిన వస్తువు కొనడం మనకు కొత్తకాదు. జుమేరాత్ బజారు ఎరగని పాతబస్తీ ఇల్లు ఉందా? ఎర్రగడ్డ ఆదివారం సంతలో రేడియో కొనని తరం ఉందా? గల్ఫ్ నుండి సెలవు మీద వచ్చినవారు తెచ్చిన నేషనల్ పానాసోనిక్ టూ-ఇన్-వన్‌లు రెండు మూడు ఇళ్ళు మారిన తర్వాత కూడా శుభ్రంగా పాడేవి. అయితే ఆ రోజుల్లో టేప్‌రికార్డరు లోపం చెవికి వినిపించేది. క్యాసెట్టు వేసి పావుగంట వింటే చాలు, మోటారు జబ్బు బయటపడేది. నేటి ఫోను, లాప్‌టాప్‌ల జబ్బు అలా బయటపడదు. దుకాణంలో గంటసేపు మెరిసిపోయి, ఇంటికి వెళ్ళాక నెల తిరక్కుండానే మూలపడవచ్చు.

లాభం ఎక్కడ ఉందో కూడా న్యాయంగా చెప్పుకోవాలి. పెద్ద పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులకిచ్చే లాప్‌టాప్‌లను చాలావరకు అద్దె ఒప్పందం మీద తీసుకుని మూడు, నాలుగేళ్ళకు తిప్పి పంపుతాయి. లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ వంటి రకాలు ఇలా వస్తాయి. ఇవి రోజంతా వాడకానికి తట్టుకునేలా కట్టిన యంత్రాలు. ఇంట్లో వాడకానికని అమ్మే చవక రకం కొత్త లాప్‌టాప్‌కంటే వీటి కీబోర్డు, మడతబందులు గట్టివి. కొన్న తొలి ఏడాదుల్లోనే యంత్రం ధర ఎక్కువగా పడిపోతుంది. ఆ నష్టాన్ని మొదటి యజమాని భరించి ఉంటాడు. డిగ్రీ విద్యార్థి చేసే పనికి, అంటే టైపింగు, ఇంటర్నెట్టు, ప్రోగ్రాములు నేర్వడం వంటివాటికి, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ డిస్కు ఉన్న యంత్రం బాగా సరిపోతుంది.

మరో లాభాన్ని మన పాఠకులు తేలిగ్గా తీసుకోరాదు. కొత్త ఫోను కోసం వడ్డీ కంతుల్లో ఇరుక్కున్న ఇళ్ళు మాకు తెలుసు. చేతిలోని డబ్బుతో వాడిన ఫోను కొని ఊరుకున్నవాడు కనీసం వడ్డీ ఊబిలో కాలు పెట్టలేదు. ఇక వ్యర్థం సంగతి. ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్టు లెక్కతేలింది 22.3 శాతమే. ఫోను వల్ల జరిగే కాలుష్యంలో ఎక్కువ పాలు దాని తయారీలోనే జరిగిపోతుంది. అందుచేత ఉన్న ఫోను ఇంకో మూడేళ్ళు నడిస్తే అంత మేలు. దుబారాను దివ్య ఖుర్ఆన్ ఎంతగా నిరసించిందో మనకు తెలియనిది కాదు.

ఇప్పుడు నష్టాల వైపుకు వద్దాము. ఇక్కడ రెండు హదీసులు గుర్తుచేసుకోవడం అవసరం.

హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనం, ముస్లిం గ్రంథంలో ఉంది. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశి పక్కగా వెళుతూ అందులో చేయి పెట్టి చూస్తే లోపలి గింజలు వేళ్ళకు తడి తగిలాయి. ఇదేమిటని అడిగితే వాన పడిందన్నాడు వర్తకుడు. అలాగైతే ఆ తడిసినవి జనానికి కనపడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించి, మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. గమనించవలసిన విషయమేమిటంటే, తడిసిన ధాన్యం అమ్మవద్దని ఆయన అనలేదు. తడిని పైన పెట్టి అమ్మమన్నారు. మరమ్మతు సరకు వ్యాపారానికి ఇంతకు మించిన సూత్రం మాకు కనిపించలేదు.

రెండవది పొదుగు కట్టిన పశువు గురించి. అమ్మకానికి ముందు రెండు మూడు రోజులు పాలు పితకకుండా గొర్రెకో ఒంటెకో పొదుగు నిండుగా కనిపించేలా చేయడాన్ని ప్రవక్త (స) నిషేధించారు. అలాంటిదాన్ని కొన్నవాడు పాలు పితికి చూశాక ఉంచుకోవచ్చు, తిప్పి ఇవ్వవచ్చు అన్నారు. తిప్పి ఇచ్చే వివరాలపై ఫిఖహ్ పండితుల్లో భేదాభిప్రాయాలు ఉన్నాయిగాని, అది మోసమన్న విషయంలో భేదం లేదు. పాత ఫోను బ్యాటరీ చూస్తే మాకు ఆ పొదుగే గుర్తుకు వస్తుంది. నిండా చార్జి చేసి చేతిలో పెడతారు. తెరమీద వంద శాతం. కొన్ని ఫోన్ల బ్యాటరీ ఆరోగ్యం చూపే అంకెను సైతం యంత్రంతో మార్చి నూరు చూపించే చేతివాటం బజారులో పుట్టింది. పొదుగు కట్టే తాడు మారింది, అంతే.

మా విద్యార్థిని తండ్రి ఒకాయన ఆటో నడుపుతారు. కూతురి డిగ్రీ కోసం 14,000 రూపాయలు పోసి లాప్‌టాప్ కొన్నారు. దుకాణం పేరు ఇక్కడ అనవసరం. ఇరవై రోజులకు బ్యాటరీ పావుగంట కూడా నిలవడం మానేసింది. వీధి చివర మెకానిక్కు చూపిస్తే అతను వెనుక మూత విప్పి, బ్యాటరీ ఉబ్బిందని చెప్పి మళ్ళీ మూశాడు. దుకాణానికి తీసుకుపోతే, "సీలు స్టిక్కరు చిరిగింది, పైగా బిల్లు మీద 'చెకింగ్ గ్యారంటీ' అని రాసి ఉంది, ఇక్కడ చూసుకుని వెళ్ళాక మాకు సంబంధం లేదు" అన్నారు. ఆయన మా వద్దకు వచ్చి, "మౌల్వీ సాబ్, రాసి ఇచ్చారు గదా, ఇక అడగడానికి హక్కు లేనట్టేనా?" అన్నారు.

ప్రశ్న చిన్నదే, జవాబు మాత్రం కొంచెం పొడుగు. హనఫీ ఫిఖహ్‌లో వర్తకుల వాడుకలో ధర తగ్గించేది ఏదైనా ఐబ్, అంటే లోపమే. లోపం ముందు తెలియకుండా కొన్నవాడికి సరకు తిప్పి ఇచ్చే హక్కు ఉంది. దీన్ని ఖియారె ఐబ్ అంటారు. అయితే కొన్నవాడి చేతిలో దానికి కొత్త లోపం తోడైతే, అమ్మినవాడు ఒప్పుకుంటే తప్ప, తిప్పి ఇవ్వలేడు. పాత లోపం మేరకు ధరలో తగ్గింపు మాత్రం అడగవచ్చు. అందుకే అనుమానం రాగానే వేరే మెకానిక్‌చేత మూత విప్పించకూడదు. ఫిఖహ్, స్టిక్కరు, రెండూ ఇక్కడ ఒకే మాట చెబుతున్నాయి. నేరుగా అమ్మినవాడి వద్దకే పోవాలి.

ఇక 'అన్ని లోపాలకూ నాకు సంబంధం లేదు' అన్న షరతు. హనఫీ గ్రంథం హిదాయాలో దీనికి చోటుంది. కొనేవాడు ఒప్పుకుంటే, లోపాలను ఒక్కొక్కటిగా పేరు పెట్టి చెప్పకపోయినా, ఆ షరతు చెల్లుతుంది. షాఫయీ మజ్‌హబ్ అంత సులువుగా ఒప్పుకోదు. కాని షరతు చెల్లినంత మాత్రాన తెలిసి దాచిన పాపం పోదు. ఇమామ్ మాలిక్ (రహ్) మువత్తాలో ఒక వృత్తాంతం ఉంది. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఆనాటి ఆచారం ప్రకారం ఒక బానిసను 800 దిర్హములకు ఇదే షరతు మీద అమ్మారు. కొన్నవాడు, ఇతనికి జబ్బు ఉంది, నాకు చెప్పలేదని హజ్రత్ ఉస్మాన్ (రజి) ఎదుట ఫిర్యాదు చేశాడు. అమ్మేనాడు ఆ జబ్బు తనకు తెలియదని ప్రమాణం చేయాలని హజ్రత్ ఉస్మాన్ తీర్పు చెప్పగా, ఇబ్నె ఉమర్ ప్రమాణం చేయక బానిసను వెనక్కి తీసుకున్నారు. తర్వాత అతను కోలుకోగా 1,500 దిర్హములకు అమ్ముడయ్యాడు.

మేము ఆ తండ్రితోపాటు దుకాణానికి వెళ్ళి అడిగింది ఒక్కటే: "భాయ్, అమ్మేటప్పుడు ఈ బ్యాటరీ సంగతి మీకు తెలుసా, తెలియదా?" ఆ యువకుడు కొంతసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత కొత్త బ్యాటరీ అసలు ధరకే వేసిస్తాను, కూలి తీసుకోను అన్నాడు. 2,500 రూపాయలు అయ్యాయి. తండ్రికి ఆ నెల అవి భారమే.

ఇలా తర్వాత బాధపడేకంటే ముందే చేయి లోపలిదాకా పెట్టి చూడటం మంచిది. లాప్‌టాప్‌లో చూడవలసిన మొదటి సంగతి బాహ్య సౌందర్యం కాదు, ప్రాసెసరు తరం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే, ఇంటెల్ రకాల్లో సాధారణంగా ఎనిమిదవ తరం లేక ఆ తర్వాతిది కావాలి. ఐ5 అన్న గుర్తు పక్కన 6200, 6300, 7200, 7300 వంటి అంకెలు ఉంటే అవి ఆరు, ఏడు తరాలవి. ఇలాంటివి ఇప్పుడు బజారులో చవకగా కుప్పలు పడటానికి ఒక కారణం ఇదే. ఉబుంటు వంటి లైనక్స్ వేసుకుని వాడదలచినవారికి అవి కూడా పనికివస్తాయి, తెలిసి కొంటే మంచి బేరమే. తెలియక కొంటేనే నష్టం.

తర్వాత బ్యాటరీ. విండోస్‌లోనే బ్యాటరీ రిపోర్టు తీసే ఏర్పాటు ఉంది. తయారైననాటి సామర్థ్యం, నేటి సామర్థ్యం పక్కపక్కన అందులో కనిపిస్తాయి. దుకాణదారుణ్ణి తీసి చూపమనండి, రెండు నిమిషాల పని. డిస్కు ఎన్ని గంటలు తిరిగిందో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేరు చెబుతుంది. మరొక ప్రమాదం కంపెనీ తాళం. కంపెనీ పట్టికలోంచి సరిగా తొలగించని లాప్‌టాప్‌ను రీసెట్ చేసి ఇంటర్నెట్‌కు కలిపితే పాత కంపెనీ లాగిన్ అడుగుతుంది. అందుచేత డబ్బు ఇవ్వకముందే దుకాణంలోనే రీసెట్ చేయించి, వైఫైకి కలిపి చూడాలి. బయోస్‌లోకి పాస్‌వర్డు లేకుండా పోగలుగుతున్నామా అన్నదీ అప్పుడే తేలిపోతుంది.

ఫోను విషయంలో ఇంకో మెట్టు ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే దొంగసొత్తు ఎక్కువగా చేతులు మారేది ఇక్కడే. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే 15 అంకెల ఐఎమ్‌ఈఐ నంబరు తెరమీద వస్తుంది. పెట్టె మీది నంబరుతో, బిల్లు మీది నంబరుతో దానిని పోల్చాలి. తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎం అని టైపుచేసి, ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కు ఎస్ఎంఎస్ పంపాలి. టెలికాం శాఖ వారి సంచార్ సాథీలోనూ ఇదే పరీక్ష ఉంది. బ్లాక్‌లిస్టు అనో, డూప్లికేటు అనో, ఇప్పటికే వాడకంలో ఉంది అనో జవాబు వస్తే ఆ ఫోను ఉచితంగా ఇచ్చినా ముట్టవద్దు. దొంగసొత్తని తెలిసి, లేక నమ్మడానికి కారణముండీ తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద నేరం. షరీఅత్‌లో దాని స్థితి వేరే చెప్పనక్కరలేదు.

ఫోనులో పాత యజమాని గూగుల్ ఖాతాగాని, ఆపిల్ ఖాతాగాని మిగిలిపోయి ఉంటే, రీసెట్ తర్వాత అతని పాస్‌వర్డు లేకుండా అది తెరుచుకోదు. కొత్త ఐఫోన్లలో ఏ భాగం మార్చారో, అది అసలుదో కాదో సెట్టింగుల్లోనే కనిపిస్తుంది. మోడల్ నంబరు ఎఫ్ అక్షరంతో మొదలైతే అది ఆపిల్ వారే మరమ్మతు చేసి అమ్మినదని గుర్తు. చాలా ఫోన్లలో సిమ్ పెట్టే గూట్లో చిన్న గుర్తు ఉంటుంది. అది ఎర్రబడి ఉంటే నీళ్ళలో పడిన ఫోను. ఆండ్రాయిడ్‌లో సెక్యూరిటీ అప్‌డేటు చివరిసారి ఏ తేదీన వచ్చిందో చూడండి. అప్‌డేట్లు ఆగిపోయి ఏళ్ళయిన ఫోనులో బ్యాంకు, యూపీఐ లావాదేవీలు పెట్టుకోవడం తలుపు గడియ వేయకుండా నిద్రపోవడమే. పాత చార్జర్లు, పవర్‌బ్యాంకులు ఎంత చవకైనా వద్దు.

బిల్లు తప్పనిసరి. 'బిల్లు వద్దంటే వెయ్యి తగ్గిస్తాను' అనేవాడు ఆ వెయ్యితో మీ చేతిలోని ఆయుధాన్ని కొనుక్కుంటున్నాడు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అన్యాయ వ్యాపార పద్ధతి. లోపమున్న సరకును బిల్లులో రాసిన గడువులోపల, గడువు రాయకపోతే 30 రోజుల్లోపల, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం కూడా అదే కోవలోకి వస్తుంది. 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు జిల్లా కమిషన్లో ఫీజు లేదు. రెండేళ్ళలోపు వెళ్ళాలి. బేరమాడేటప్పుడు అయిదు వందలు తగ్గించమని అడిగే బదులు వారం రోజుల వాపసు గడువు రాసిమ్మని అడగండి. తరచూ మోసపోయే ఒక సహాబీకి, మోసం ఉండరాదని చెప్పి మూడు రోజుల గడువు పెట్టుకోమని ప్రవక్త (స) నేర్పారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్) ఆ గడువును మూడు రోజులకే పరిమితం చేశారు. ఆయన శిష్యులిద్దరూ, కాలం స్పష్టంగా చెబితే ఎక్కువైనా సరేనన్నారు.

ఈ మరమ్మతు దుకాణాల్లో సోల్డరింగ్ రాడ్డు పట్టుకుని కూర్చున్నవారిలో మన పిల్లలు ఎందరో ఉన్నారు. పెద్ద చదువులు లేకపోయినా, చూపుతో, చేతి నైపుణ్యంతో ఇల్లు నడుపుతున్నవారు. ఇది గౌరవించవలసిన వృత్తి. వారితో మా మనవి ఒక్కటే. అమ్మే ప్రతి పీసు బిల్లు మీద ఒక పంక్తి రాయండి: డిస్‌ప్లే మార్చాము, అసలుది కాదు, బ్యాటరీ పాతది, వేలిముద్ర పనిచేయదు. అలా రాస్తే గిరాకీ పోతుందని భయపడతారు. కొందరు పోతారు కూడా. కాని ఆ పంక్తి చదివి కొన్నవాడు రేపు తగాదాకు రాడు. నిజం చెప్పి అమ్మేవారి బేరంలోనే బర్కత్ ఉంటుందని, దాచితే అది తుడిచిపెట్టుకుపోతుందని హదీసులో వచ్చింది కదా. మేము చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఇలా రాసి ఇచ్చే దుకాణమొకటి చూశాము. ధర పక్కవాడికంటే కాస్త ఎక్కువే. అయినా మా విద్యార్థులను అక్కడికే పంపుతున్నాము.

మీ పాత ఫోను మీరు అమ్మే రోజు కూడా వస్తుంది. అప్పుడు విక్రేత మీరే కనుక, కిందపడి కెమెరా మసకబారిన సంగతి, వేడెక్కే సంగతి మీరే చెప్పాలి. అందులో ఇంటి ఆడవారి ఫొటోలు, బ్యాంకు కాగితాలు, ఆధార్ ప్రతులు ఉంటాయి. మెమరీ కార్డు, సిమ్ తీసేయండి. గూగుల్ లేక ఆపిల్ ఖాతా నుండి బయటికి రండి, ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఇటీవలి ఫోన్లలో సమాచారం సంకేతబద్ధమై ఉంటుంది కనుక ఇంతమాత్రం సాధారణంగా చాలు. పాత లాప్‌టాప్ హార్డ్‌డిస్కు అలా కాదు. డిలీట్ చేసిన ఫైళ్ళను మళ్ళీ బయటికి తీసే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతున్నాయి. డిస్కు మొత్తాన్ని తుడిచే ఏర్పాటుతో తుడిపించండి, లేదా డిస్కు ఊడదీసి ఇంట్లో ఉంచుకుని, లాప్‌టాప్ డిస్కు లేకుండా అమ్ముతున్నానని చెప్పి అమ్మండి.